బంతి లేనివాడి ఆట

వరుసగా మూడు ఆటలు ఆడి ఒక్క గోలైనా కొట్టలేని జట్టుకు సలహాలు చెప్పేవారికి కొదవ ఉండదు. మొన్న సాయంత్రం దెందులూరు స్టేషనులో పాసింజరు దిగి, మట్టికొట్టుకుపోయిన నలుగురు కుర్రవాళ్ళతో బయటికి వస్తూంటే, టీకొట్టు బల్లమీద కూర్చున్న పెద్దమనిషి ఒకాయన, "ఏమండీ మాస్టారూ, ఇవాళైనా పడిందాండీ?" అని అడిగారు. లేదన్నాను. "కుర్రాళ్ళకి గుడ్లు పెట్టించండి. గుడ్డు లేందే గోలు రాదండి, ఆయ్!" అన్నారు. ఆయన పక్కనున్నవారు బూట్లు మార్చమన్నారు. కిళ్ళీబడ్డీ అబ్బాయి సెంటర్ ఫార్వర్డునే మార్చెయ్యమన్నాడు. మా ప్రాంతంలో ఎవరినైనా నిలబెట్టి అడగండి, వరిచేలో పడిన తెగులుకైనా, ఫుట్‌బాల్ జట్టుకు పట్టిన తెగులుకైనా మందు చెప్పకుండా కదలనివ్వరు.

నేను తెలుగు చెప్పుకునేవాణ్ణి. ఫుట్‌బాల్‌తో నాకేం పని అని మీరడగవచ్చు. మా కాలేజీ వ్యాయామ ఉపాధ్యాయులవారు నడుం నొప్పితో సెలవు పెట్టారు. మధ్యాహ్నం మూడు దాటితే నాకు క్లాసులు లేవన్న రహస్యం ప్రిన్సిపాలుగారికి తెలిసిపోయింది. నేను చదువుకునే రోజుల్లో రెండేళ్ళపాటు బ్యాక్‌గా ఆడానని ఎవరో ఆయన చెవిని వేశారు. బ్యాక్‌గా ఆడానంటే, వచ్చిన బంతిని వచ్చినవైపే బలంగా తన్నేవాణ్ణని అర్థం. అంతకు మించిన పాండిత్యం నాకు లేదు. అయినా విజిల్ నా మెడలో పడింది.

పడిన తరువాత తెలిసింది అసలు సంగతి. ఈ ఏడు కూడా జట్టు ఇలాగే ఉంటే వచ్చే ఏడు ఫుట్‌బాల్ తీసేసి, ఆ డబ్బు వాలీబాల్‌కు ఇవ్వాలని కాలేజీ కమిటీవారి ఆలోచన. ఇందులో అన్యాయమేమీ లేదు. వాలీబాల్ కుర్రవాళ్ళు కప్పులు తెస్తున్నారు. మావాళ్ళు జలుబు తెస్తున్నారు. కాని జట్టులో ఎడమవైపు వింగులో ఆడే కుర్రవాడొకడున్నాడు. కొల్లేటి ఒడ్డు ఊరివాడు. రైల్లో కిటికీ దగ్గర కూర్చుని, నా మొహం చూడకుండా, "ఆట తీసేస్తే నేను మానేస్తానండి. మా నాన్న చేపల చెరువు కాపలాకి ఎప్పట్నించో రమ్మంటున్నాడండి" అన్నాడు. చెరువు కాపలా తప్పుడు పనేమీ కాదు. కాని ఆ కుర్రవాడు కాలేజీకి రావడానికి ఒప్పుకున్నది ఆటకోసం. వచ్చినందుకు చదువు కూడా కొంత అంటుకుంది. తాడు తెగితే బిందె కూడా బావిలోకి పోతుందని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాటినుంచి హాజరుపట్టీ వెనుక పేజీలలో లెక్కలు రాయడం మొదలుపెట్టాను. ఛందస్సులో గణాలు గుర్తించే అలవాటున్నవాడికి ఇది కష్టమైన పనేమీ కాదు. ఎవడు ఎక్కడినుంచి గోలుకు కొట్టాడు, కొట్టేముందు బంతి ఎవడిచ్చాడు, ఆ సమయానికి మనవాళ్ళు ఎంతమంది పెనాల్టీ గడిలో ఉన్నారు - ఈ మూడే ప్రశ్నలు. తరువాతి ఆటలో మావాళ్ళు పదకొండుసార్లు గోలుకు కొట్టారు. అందులో తొమ్మిది పెనాల్టీ గడి వెలుపలినుంచి. పెనాల్టీ గడిలో మనవాళ్ళు ఇద్దరికి మించి ఉన్న సందర్భం ఒక్కటీ లేదు. ఇక మూడో ప్రశ్నకు సమాధానం మరీ చిత్రం: చాలాసార్లు బంతి ఎవడూ ఇవ్వలేదు. కొట్టినవాడే మైదానం మధ్యలో బంతి పట్టుకుని, ఒకణ్ణి తప్పించి, ఇద్దర్ని తప్పించి, మూడోవాడు మీదికి వస్తూంటే ఊపిరాడక దూరంనుంచి కొట్టేశాడు.

ఆ కాగితం చూస్తూంటే ఇది ఎక్కడో చూసిన ఆటలా ఉందే అనిపించింది. ఆలోచించగా తట్టింది. ఇది చెడుగుడు!

మా పల్లెల్లో పిల్లవాడికి కాళ్ళు వచ్చీరాగానే అబ్బే ఆట చెడుగుడు. అందులో కూతకు వెళ్ళేవాడు ఒక్కడే. గీత దాటి, ఊపిరి బిగబట్టి, ఏడుగురి మధ్యకు ఒంటరిగా పోతాడు. మిగిలిన ఆరుగురూ గీతకు ఇవతల నిలబడి చూస్తూంటారు. చూడడం తప్ప వాళ్ళు చెయ్యవలసిందీ లేదు, చెయ్యగలిగిందీ లేదు. ముట్టుకుని వస్తే వీరుడు, దొరికిపోతే వాడి ఖర్మ. మావాళ్ళు బూట్లు తొడుక్కున్నారు, తెల్లగీతలు గీసుకున్నారు గాని, ఆడుతున్నది ఆ ఆటే. బంతి దొరికినవాడు కూతకు పోతాడు. తక్కినవాళ్ళు నడుంమీద చేతులు వేసుకుని, "కొట్టరా, కొట్టరా!" అని అరుస్తూంటారు. కూతకు వెళ్ళినవాణ్ణి నిందించి ఏం లాభం? తక్కిన పదిమందీ గీతకు ఇవతలే ఉండిపోయారాయె!

గుడ్లూ బూట్లూ అవసరం లేదని నేననను. తప్పకుండా కావాలి. కాని ఒక చిన్న లెక్క చూడండి. ఆట 90 నిమిషాలు. మైదానంలో ఉండేది 22 మంది. బంతి ఒక్క క్షణం కూడా ఆగకుండా, అందరికీ సమానంగా పంచిపెట్టినట్లు తిరిగిందనుకున్నా, ఒక్కొక్కడి వంతుకు వచ్చేది నాలుగు నిమిషాల చిల్లర. బంతి గీత దాటి పోయేది, ఫౌలయి ఆగేది తీసేస్తే అదీ ఉండదు. అంటే ప్రతి కుర్రవాడూ 86 నిమిషాలు బంతి లేకుండా ఆడాలి. మనం నేర్పేదంతా ఆ నాలుగు నిమిషాల గురించే. ఎట్లా తన్నాలి, ఎట్లా తిప్పాలి, ఎట్లా ఆపాలి. ఆ 86 నిమిషాలూ ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు.

చెప్పినాయన ఒకరున్నారు. ఎక్కడో విదేశాలలో కాదు, మన హైదరాబాదులోనే. సయ్యద్ అబ్దుల్ రహీంగారు. వృత్తికి బడిపంతులు, నావంటివాడికి ఆయన ప్రస్తావన తెచ్చే ధైర్యం అందువల్లనే వచ్చింది. 2024లో ఆయన కథ "మైదాన్" అనే హిందీ సినిమాగా వచ్చింది కనుక ఈ కాలం కుర్రవాళ్ళకు పేరు కొంత తెలుసు. అంతకుముందు తెలియదు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు బొంబాయి రోవర్సు కప్పును 1950 లగాయతు 1954 దాకా వరుసగా అయిదేళ్ళు గెలిచింది. కలకత్తావారు తప్ప ఫుట్‌బాల్ ఆడేవారు లేరనుకునే రోజుల్లో అది సామాన్యమైన విషయం కాదు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో భారతజట్టు స్వర్ణపతకం గెలిచినప్పుడూ శిక్షకుడు ఆయనే.

మరుసటేడు అదే జట్టుకు గర్వభంగమైంది. 1952లో హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయారు. మనవాళ్ళలో చాలామంది ఉత్తికాళ్ళతో ఆడారు. దేశమంతా బూట్లు లేవు గనుకనే ఓడిపోయామంది. మా టీకొట్టు పెద్దమనిషి ఉంటే గుడ్లు లేవనేవారు. బూట్లు తప్పనిసరి చేశారు, మంచిదే. కాని రహీంగారు చూసింది కాళ్ళనొక్కటే కాదు. ఆ ఒలింపిక్సు గెలిచిన హంగరీవారు మరుసటేడు, 1953 నవంబరులో, ఇంగ్లండును వాళ్ళ వెంబ్లీ మైదానంలోనే 6-3తో ఓడించారు. వారి సెంటర్ ఫార్వర్డు హిదెకుటి గోలుముందు నిలబడడు. వెనక్కి జారుకుంటాడు. అతణ్ణి కాపలా కాయవలసిన బ్యాక్, వెంటపోవాలా ఉన్నచోటే నిలబడాలా తెలియక తికమకపడతాడు. వెంటపోతే వెనుక తలుపు తెరిచినట్లే. ఆ సందులోంచి పుష్కాష్ మొదలైనవారు చొరబడతారు. పోకపోతే హిదెకుటికి అడ్డులేదు. అతడే ఆ రోజు మూడు గోళ్ళు కొట్టాడు. బంతి లేని మనిషి ఒకడు నాలుగడుగులు వెనక్కి వేస్తే ఎదుటి కోట గోడ కదులుతుందని లోకమంతా చూసింది.

రహీంగారు ఆ కిటుకు గ్రహించి మన జట్టుకు అలవాటు చేశారు. 1956లో మెల్‌బోర్న్‌లో భారతజట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు కొట్టాడు; ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఒకే ఆటలో మూడు గోళ్ళు కొట్టిన మొదటి ఆసియావాసి అతడే. ఆ ఏడు మనవాళ్ళు నాలుగో స్థానంలో నిలిచారు. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్ వంటి హైదరాబాదువాళ్ళున్నారు. సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఇరవై ఏళ్ళ కుర్రవాడు. ఈ బలరామే 1960లో రోము ఒలింపిక్సులో హంగరీమీద ఒక గోలు కొట్టాడు. మనం 2-1తో ఓడాం. అయినా ఎవరిమీద కొట్టాడో చూడండి. ఆయన 2023 ఫిబ్రవరిలో పోయారు.

నన్ను ఎక్కువగా ఆకర్షించినది ఈ పతకాలు కాదు, రహీంగారు హైదరాబాదులో పెట్టిన పోటీలు. డ్రిబ్లింగ్ చెయ్యకూడదని షరతు పెట్టి పోటీలు నడిపారట. బంతి వచ్చిందా, ఇచ్చేయాలి. అంతే. ఇచ్చేందుకు ఎదురుగా ఎవరో ఒకరుండాలి గదా? కనుక తక్కిన పదిమందీ పరుగెత్తక తప్పదు. ఎంత సులువైన ఉపాయం! "పరుగెత్తండి, ఖాళీ చూసుకోండి" అని గొంతు చించుకుని అరవనక్కరలేదు. ఆట నియమమే అరుస్తుంది. అట్లాగే వాటం లేని కాలితోనే తన్నాలని మరో రకం పోటీలు. పాఠం చెప్పేవాడిగా ఇందులో మెళకువ నాకు తెలుసు. పిల్లవాడు వినడని తెలిసినప్పుడు ఉపన్యాసం ఇవ్వకూడదు, లెక్క ఇవ్వాలి.

మర్నాడు సాయంత్రం అదే పని చేశాను. మా మైదానం సంగతి చెప్పాలి. దెందులూరుకు ఉత్తరంగా పోతే ఎర్రనేల మెట్ట, దక్షిణంగా దిగితే నల్లరేగడి, ఆపైన కొల్లేరు. మా జట్టులో సగంమంది ఆ నేలవారు, సగంమంది ఈ నేలవారు. మెట్టకుర్రవాళ్ళు వేగంగా పరుగెత్తుతారు. పల్లపుకుర్రవాళ్ళకు బురదలో నిలదొక్కుకునే ఒడుపుంది. మైదానం మాత్రం నల్లరేగడే. వాన పడిందంటే ఒక్కొక్క బూటు ఒక్కొక్క వీశె తూగుతుంది. ఇటువంటి నేలలో ఒంటరిగా బంతి తిప్పుకుంటూ పోవడమంటే ఊబిలో ఎద్దును తోలడం. కనుక, "ఇవాళ ఎవడూ బంతిని రెండుసార్లకు మించి ముట్టుకోకూడదు. మూడోసారి కాలు తగిలితే బంతి అవతలివాళ్ళది" అన్నాను.

మొదటి అరగంటా చూడడానికి కళ్ళు చాలలేదు. మా సెంటర్ ఫార్వర్డుకు - చాలా నిపుణుడు, ఊళ్ళో పేరున్నవాడు - నిమిషానికొకసారి విజిల్. ముఖం గంటుపెట్టుకున్నాడు. "నా ఆట నన్నాడనివ్వట్లేదు సార్" అన్నాడు. అనడంలో తప్పులేదు. ఆ కుర్రవాడు మూడేళ్ళుగా జట్టును భుజాన మోస్తున్నాడు. నేను అతనితో, "నీ ఆట నీదే. కాని అది గోలుకు ఇరవై గజాల లోపల. అక్కడ ఎంతమందిని తిప్పుతావో తిప్పు, విజిలెయ్యను. మైదానం మధ్యలో తిప్పితే నీ కాళ్ళే నొప్పి" అన్నాను. రహీంగారు డ్రిబ్లింగుకు శత్రువని ఎవరైనా అనుకుంటే పొరబాటు. పి.కె. బెనర్జీ, చూనీ గోస్వామి, బలరాం ఆయన జట్టులో ముందువరుసవారు. చూనీ గోస్వామి బంతి తిప్పడం చూడడానికి కలకత్తా కదిలి వచ్చేది. విద్య ఉన్నవాడికి ఎక్కడ ప్రదర్శించాలో తెలియాలి, అంతే.

రెండో రోజు మా గణితం మాస్టారు సాయం వచ్చారు. ఆయనకు ఫుట్‌బాల్ బొత్తిగా తెలియదు. అందువల్లనే బాగా చెప్పారు. నల్లబల్లమీద బొమ్మ గీశారు. గోలు వెడల్పు 8 గజాలు, ఎత్తు 8 అడుగులు. పెనాల్టీ చుక్క దగ్గర, అంటే 12 గజాల దూరంలో, నిలబడి చూస్తే రెండు స్తంభాలమధ్య కోణం సుమారు 37 డిగ్రీలు. అదే 30 గజాల దూరంనుంచి చూస్తే 15 డిగ్రీలు. పక్కకు జరిగినకొద్దీ ఇంకా సన్నబడుతుంది. "మీరు తలుపు తీసి ఉండగా కిటికీలోంచి ఎందుకు దూరుతున్నారోయ్?" అని ఆయన అడిగితే క్లాసంతా నవ్వింది. నేను పదిరోజులు అరిచినా ఎక్కనిది ఆ బొమ్మతో ఎక్కింది. ఆ రోజునుంచి ఎవడైనా దూరంనుంచి కొడితే, పక్కవాళ్ళే "కిటికీ, కిటికీ!" అని కేకలు వేస్తున్నారు.

తలుపుదాకా పోవడం ఎట్లా? ఇక్కడ నేనొక నియమం పెట్టాను, దీనికి మట్టుకు నాకు నేనే శభాష్ అనుకున్నాను. తరువాత తెలిసింది, శిక్షకులు చాలామంది ఎప్పటినుంచో చేస్తున్న పనేనట. సాధనలో గోలు పడినా, ఆ క్షణానికి మనవాళ్ళు కనీసం ముగ్గురు పెనాల్టీ గడిలో లేకపోతే ఆ గోలు చెల్లదు. మొదటిరోజు నాలుగు గోళ్ళు కొట్టేశాను - అంటే కొట్టివేశాను. మా కుర్రవాళ్ళకు శ్లేష అర్థం కాలేదు గాని నియమం అర్థమయింది. వారం తిరిగేసరికి కూతగాడి వెంట కూత లేనివాళ్ళు కూడా గీత దాటడం మొదలుపెట్టారు.

ఇక వింగులోంచి వచ్చే బంతి. మావాళ్ళు ఎడమ చివరనుంచి ఎత్తుగా గాలిలోకి వేస్తారు. ఎదుటివాళ్ళ బ్యాకులు ఆరడుగులవాళ్ళు, తలతో కొట్టి అవతల పడేస్తారు. నా కొల్లేటి కుర్రవాడితో, "ఎత్తకు. గోలుగీత దాకా పరుగెత్తి, అక్కడినుంచి నేలబారుగా వెనక్కి లాగు" అన్నాను. ఇందులో రెండు లాభాలు. బంతికంటె వెనుక ఉన్నవాడికి ఆఫ్‌సైడ్ లేదు. రెండోది, ఎదుటి బ్యాకులందరూ గోలువైపు మొహం పెట్టి పరుగెత్తుతూంటారు. వెనుకనుంచి వచ్చేవాడు వాళ్ళకు కనబడడు. ఆ మాటమీదనే ఇంకొకటి - త్రో-ఇన్ మీద కూడా ఆఫ్‌సైడ్ లేదు. గోలు కిక్కుమీద లేదు, కార్నరుమీద లేదు. నిబంధనల పుస్తకంలో స్పష్టంగా ఉన్న ఈ సంగతి మా జట్టులో ఇద్దరికి తెలుసు. తక్కినవారు మూడేళ్ళుగా ఆడుతున్నారు. వ్యాకరణం చదవకుండా కవిత్వం చెప్పేవారిని చాలామందిని చూశాను గనుక నాకు ఆశ్చర్యం కలగలేదు.

నిజానికి ఈ జబ్బు నాకు క్లాసులోనూ తెలుసు. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. కర్త, కర్మ, విశేషణాలు అన్నీ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వస్తే చివర క్రియ దానంతటదే వచ్చి కూర్చుంటుంది. మా ఫార్వర్డులు వాక్యం మొదలుపెడుతూనే క్రియ అనేస్తారు. ఎవరు, ఎవరికి, ఎప్పుడు అన్న ప్రశ్న లేదు; కొట్టెను!

జకార్తా సంగతి చెప్పకపోతే ఈ వ్యాసానికి నేను న్యాయం చేసినట్లు కాదు. 1962 ఆసియా క్రీడలలో భారతజట్టు మొదటి ఆటలోనే దక్షిణ కొరియాకు 2-0తో ఓడిపోయింది. తరువాత థాయిలాండుతో ఆడిన ఆటలో మన సెంటర్ బ్యాక్ జర్నైల్ సింగుకు తలమీద దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. బ్యాక్‌గా ఆడితే తలతో బంతిని కొడుతూనే ఉండాలి. మరొక శిక్షకుడైతే అతణ్ణి పక్కన కూర్చోబెట్టేవాడు. రహీంగారు అతణ్ణి తీసుకుపోయి సెంటర్ ఫార్వర్డులో నిలబెట్టారు! కోట కాపలావాడికి సైన్యాధిపత్యం ఇచ్చినట్లయింది. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాం మీద అతనొక గోలు కొట్టాడు. సెప్టెంబరు 4న ఫైనల్. మళ్ళీ కొరియావారే. మైదానమంతా మనకు వ్యతిరేకంగా అరుస్తూంది. పి.కె. బెనర్జీ ఒకటి, కుట్లు వేసిన తలతో జర్నైల్ సింగు ఒకటి. 2-1. గోళ్ళు కొట్టడమే వృత్తిగా ఉన్న ముగ్గురు మొనగాళ్ళు జట్టులో ఉండగా, ఫైనల్‌లో రెండో గోలు ఒక బ్యాక్ కాలినుంచి వచ్చింది. దాడి అనేది అయిదుగురి ఉద్యోగం కాదు, పదకొండుమంది పని అని ఇంతకంటె నిదర్శనం నేను చూపలేను. క్యాన్సరుతో బాధపడుతూ ఈ విజయం సాధించిన రహీంగారు మరుసటేడు జూన్‌లో కన్నుమూశారు. 1965-66లో సంతోష్ ట్రోఫీ ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది, ఆయన చూడలేదు.

ఆ తరువాత మనకేమైంది అనేది పెద్ద కథ. నా స్థలం చిన్నది. అనంతపురంలో ఆర్.డి.టి.వారి క్రీడాగ్రామంలో మట్టుకు పల్లెపిల్లలు, ఆడపిల్లలతో సహా, పద్ధతిగా ఆడుతున్నారు. అక్కడ లీగు ఉంది కనుక పిల్లలకు తరచు ఆట దొరుకుతుంది. మావాళ్ళకు నన్నయ పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయంవారి అంతర కళాశాలల పోటీ ఏడాదికొకసారి. ఓడితే మళ్ళీ ఏడాదిదాకా మొహం చూడనక్కరలేదు. ఏడాదికొకసారి పరీక్ష రాసేవాడు ఏడాదికొకసారే చదువుతాడు. కమిటీవారికి నేను రాసి ఇచ్చిన అర్జీలో బూట్లకంటె ముందు ఇదే రాశాను: చుట్టుపట్ల కాలేజీలతో, ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో, నెలకు రెండు ఆటలు ఏర్పాటు చెయ్యండి. రైలు ఛార్జీలు తప్ప ఖర్చు లేదు. దాని తరువాత, బంతులు నాలుగు. ఇప్పుడున్నది ఒకటిన్నర, రెండోదానికి గాలి నిలవదు. ఒక్క బంతితో పద్ధెనిమిదిమంది సాధన చెయ్యడమంటే పదిహేడుమంది నిలబడి చూడడమే. చెడుగుడు అలవాటు ఎక్కడ మొదలైందంటారా? ఇక్కడే మొదలైంది. ఆ తరువాత గోలుకు వల. వల లేని గోలులో బంతి పడితే తెచ్చుకోవడానికి చేలో దిగాలి. ఆ బద్ధకంతో కుర్రవాళ్ళు గోలుకు కొట్టడం సాధన చెయ్యడమే మానేశారు. గుడ్లు కూడా రాశాను, టీకొట్టు ఆయనమీద గౌరవంతో.

నెలన్నర తరువాత, మమ్మల్ని మొదట ఓడించిన కాలేజీతోనే మళ్ళీ స్నేహపూర్వకమైన ఆట కుదిరింది. మొదటి సగంలో మావాళ్ళు నేర్చుకున్నదంతా మరిచిపోయి కూతకు పోయారు. రెండు గోళ్ళు తిన్నారు. విరామంలో నేనేమీ అనలేదు. మా సెంటర్ ఫార్వర్డే కమలాతొన వలుచుకుంటూ, "ఒరే, మీరెవరూ రావట్లేదురా. నేనొక్కణ్ణే కూతపెట్టి చస్తన్నాను" అన్నాడు. ఆ మాట వాడి నోట వచ్చిందంటే నా జీతం నాకు ముట్టినట్లే.

రెండో సగంలో ఒక గోలు త్రో-ఇన్ మీద వచ్చింది. ఎదుటి బ్యాకులు చేతులెత్తి ఆఫ్‌సైడ్ అని నిలబడ్డారు, రిఫరీగారు నిబంధనలు చదివినవారు. రెండోదాని గురించి చెబుతాను. కొల్లేటి కుర్రవాడు బురదలో ఎడమ గీతవెంట పరుగెత్తాడు. గోలుగీత దగ్గర ఆగి, వెనక్కి, నేలబారుగా లాగాడు. బంతి సరిగ్గా మా సెంటర్ ఫార్వర్డు కాళ్ళముందుకు వచ్చింది. ఇద్దరు బ్యాకులు, గోలీ కూడా, అతనిమీదికి ఉరికారు. మూడేళ్ళుగా ఏ బంతినీ ఎవరికీ వదలని ఆ కుర్రవాడు రెండు కాళ్ళూ ఎడం చేసి దాన్ని పోనిచ్చాడు. వెనుక పరుగెత్తుకు వస్తున్నవాడు మా హాఫ్ బ్యాక్. ఎదురుగా ఎవరూ లేరు, తలుపు బార్లా తీసి ఉంది. నా హాజరుపట్టీలో ఆ గోలు ఎవరి పేరున రాయాలో నాకు ఇప్పటికీ తెలియలేదు. కొట్టినవాడి పేరు రాసి, పక్కన ఇంకో రెండు పేర్లు రాశాను.

చివరి పది నిమిషాల్లో, ఉత్సాహం పట్టలేక బ్యాకులు కూడా అందరూ ముందుకు పోయి, వెనుక ఖాళీ చేసి, మూడో గోలు తిన్నారు. ఓడిపోయాం. కమిటీ సమావేశం వచ్చే నెల పదిహేనున. కొల్లేటి కుర్రవాడు పరీక్ష ఫీజు కట్టాడు.

పాసింజరు దిగి బయటికి వస్తూంటే టీకొట్టు పెద్దమనిషి కనిపెట్టుకునే ఉన్నారు.

"ఏమండీ మాస్టారూ, పడిందాండీ?"

"రెండు పడ్డాయండీ."

"గుడ్లు పెట్టించారన్నమాట! మరి నెగ్గారాండీ?"

"లేదండీ. మూడు తిన్నాం."

ఆయన గ్లాసు కింద పెట్టి కాసేపు ఆలోచించారు. "అయితే ఆ గుడ్లు ఇప్పుడు బ్యాకులకి పెట్టించండి, ఆయ్!" అన్నారు.